మందుల స్టోర్ నుంచి మేనేజర్ పోస్టుకి దారేది?

నమస్తే అండి. బీఫార్మసీ చదివి, తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రి మందుల స్టోర్‌లో ఆరేళ్లుగా పనిచేస్తున్నాను. ఇండెంట్లు (కావాల్సిన మందుల చిట్టాలు), స్టాకు లెక్కలు, గడువు దగ్గరపడ్డ మందుని ముందు పంపడం అన్నీ వచ్చు. మొన్న రాత్రి కరెంటు పోయి జనరేటర్ మొరాయిస్తే, ఫ్రిజ్ 8 డిగ్రీలు దాటకముందే ఇన్సులిన్ అంతా ఐస్‌ప్యాకుల పెట్టెలోకి మార్చాను. ఐస్ తగిలి గడ్డకడితే పనికిరాదు కదా, మధ్యలో అట్టముక్కలు పెట్టాను. అయినా పర్చేజ్ మేనేజర్ పోస్టు ఎంబీఏ ఉన్న బయటి అబ్బాయికే ఇచ్చారు. అబద్ధమెందుకు, కడుపు మండింది.

ఇగ్నోలో ఆపరేషన్స్ ఎంబీఏ చేయమంటారా, సరుకుల సరఫరా నిర్వహణ (సప్లై చైన్) మీద ఇచ్చే సీఎస్‌సీపీ సర్టిఫికెట్ సరిపోతుందా? పిల్లల చదువుల వల్ల ఉద్యోగం కోసం చెన్నైకి మారలేను. ఇంకొకటి, నా కింద పనిచేసే పెద్దాయన వయసులో మా నాన్నంత. ఆయనకి పని చెప్పాలంటే మొహమాటం. మీరెలా నెట్టుకొచ్చారో చెప్పండి.