నడిపించడం, నడక నేర్పడం: 97116 కోడ్ కింద ఏది బిల్లు చేయాలి?

కొత్తథెరపిస్టు:
అమెరికాలో ఒక అవుట్‌పేషెంట్ క్లినిక్‌లో ఫిజికల్ థెరపిస్టుగా పనిచేస్తున్నాను. పక్షవాతం వచ్చిన ఒక పెద్దాయనకు వారానికి రెండుసార్లు నడక నేర్పుతున్నాను. ఆయన కుడి పాదం పైకి లేవక నేలకు రాసుకుంటుంది, బరువు వేయగానే మోకాలు వెనక్కి విరుచుకుంటుంది. చేతికర్రతో మలుపులు తిరగడం, మెట్లు ఎక్కడం కూడా చేయిస్తాను. ఇదంతా నడక శిక్షణ కోడ్ 97116 కింద రాస్తున్నాను. మెట్లు ఎక్కడం ఆ కోడ్ నిర్వచనంలోనే ఉంది.

పోయిన వారం మా యజమాని పిలిచి, ఇకపై అదంతా 97530 కింద, అంటే రోజువారీ పనులు మెరుగుపరిచే చికిత్సగా రాయమన్నారు. పెద్దవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా మెడికేర్ దానికి 97116 కంటే ఎక్కువ చెల్లిస్తుంది. ఆ పెద్దాయన నడిచేది బాత్రూమ్ దాకా వెళ్లడానికే కాబట్టి అదీ రోజువారీ పనే అన్నది ఆయన వాదన. తప్పనే నా మనసు చెబుతోంది. కానీ ఆయన ఎదుట గట్టి కారణం చెప్పలేకపోయాను. మీరేమంటారు?

క్లెయిములబల్ల:
పదకొండేళ్లుగా థెరపీ బిల్లులే చూస్తున్నాను. మీ యజమాని మాటను పూర్తిగా కొట్టిపారేయలేను. కుర్చీలోంచి లేచి, నడిచి వెళ్లి, తలుపు తీసి, చేతిలో గిన్నె పట్టుకుని తిరిగి రావడం మీరు చేయిస్తే అది 97530 అవుతుంది. మడమ ముందు ఆనుతోందా, అడుగు పొడవు రెండు వైపులా సమానంగా ఉందా, బరువు ఏ కాలి మీద పడుతోంది అని చూసి సరిదిద్దితే అది 97116. ఆ నిమిషాల్లో మీ దృష్టి దేని మీద ఉందో దాన్ని బట్టి కోడ్ రావాలి. రేటు చూసుకుని కోడ్ ఎంచుకోవడం ఆడిట్‌లో నిలబడదు.

అయితే ఆయన్ని దురాశపరుడు అనకండి. 2013 ఏప్రిల్ నుంచి ఒకే రోజు ఒక రోగికి ఒకటికి మించి థెరపీ యూనిట్లు (యూనిట్ అంటే 15 నిమిషాలు) బిల్లు చేస్తే, మొదటిదానికి తప్ప మిగతావాటికి రేటులో ప్రాక్టీసు ఖర్చుల వాటాలో, అంటే క్లినిక్ నడిపే ఖర్చుల కోసం ఇచ్చే భాగంలో, సగం కోస్తున్నారు. 2022 నుంచి ఫిజికల్ థెరపీ అసిస్టెంట్ చేసిన పనికి 85 శాతమే ఇస్తున్నారు. చిన్న క్లినిక్ నడిపేవారికి ఊపిరాడదు.

ముప్పైఏళ్లథెరపీ:
క్లెయిములబల్ల గారూ, ఊపిరాడకపోవడం నిజమే, నేనూ క్లినిక్ నడిపాను. కానీ దాని భారం ఆ అబ్బాయి సంతకం మీద పడకూడదు. నోట్సు కింద లైసెన్సు నంబరు అతనిది.

కోడ్ పేరు కంటే పెద్ద ప్రశ్న ఇంకొకటి ఉంది. ఆ నడకకు థెరపిస్టు అవసరమా? నరాలు, కండరాలు, ఎముకల లోపం వల్ల నడక దెబ్బతిన్నవారికి ఇచ్చే శిక్షణను మెడికేర్ నైపుణ్య సేవగానే చూస్తుంది. అదే మార్గదర్శకాలు, ఓపిక పెంచడానికి పదేపదే నడిపించడం, ఆసరా ఇచ్చి నడిపించడం ఇతర సిబ్బంది చేయగలిగిన పనులని కూడా చెబుతాయి. మన నోట్సేమో "200 అడుగులు నడిచారు, బాగా సహకరించారు" అని ఉంటాయి. ఇది చదివిన సమీక్షకుడు డబ్బు ఎందుకివ్వాలి? ఆ పని రోగి కొడుకు కూడా చేయగలడు కదా!

ఇలా రాయండి: "కుడి కాలు బరువు మోసే దశలో మోకాలు వెనక్కి విరుచుకుంటోంది. తొడ వెనుక భాగంలో చేతితో ఒత్తిడి ఇచ్చి, అడుగు పొడవు తగ్గించమని చెప్పాక పది అడుగుల్లో ఏడింట అదుపులో ఉంది. మలుపులో తూలినప్పుడు కర్ర వాడే వరుస మార్చాను." ఇందులో మీ చెయ్యి, కన్ను, నిర్ణయం మూడూ కనిపిస్తాయి. వీటికి తోడు పది మీటర్ల నడక పరీక్షలో వేగం ఎంత పెరిగిందో అంకెల్లో ఉంటే తిరస్కరించడం కష్టం.

ట్రెడ్‌మిల్ మీద నిలబెట్టి పక్క రోగి దగ్గరికి వెళ్లిపోయి ఆ సమయాన్ని 97116లో కలపడం, లైసెన్సు లేని సహాయకులు నడిపించిన నిమిషాలను మెడికేర్‌కు రాయడం, ఈ రెండు తప్పులూ నా కళ్లారా చూశాను. ఆ కోడ్ ఒక్కరితో నేరుగా ఉన్న సమయానికే.

నాన్నకూతురు:
నేను థెరపిస్టును కాదు. మా నాన్నకు పార్కిన్సన్స్. తలుపు దగ్గర కాళ్లు నేలకు అతుక్కుపోయినట్టు ఆగిపోతారు. థెరపీకి వెళ్లిన నాలుగు నెలలూ పడలేదు. తర్వాత "మెరుగుదల ఆగిపోయింది" అని చెప్పి సేవలు నిలిపేశారు. ఆరు వారాల్లో రెండుసార్లు పడ్డారు. మీరంతా ఏ కోడ్, ఎన్ని యూనిట్లు అని మాట్లాడుకుంటున్నారు. మెరుగుపడే జబ్బు కాకపోతే ఆయనకు నడిచే హక్కు లేదా?

ముప్పైఏళ్లథెరపీ:
అమ్మా, మీ కోపం న్యాయమైనది. మీకు చెప్పిన కారణమే చెల్లదు. జిమ్మో వర్సెస్ సెబీలియస్ కేసులో 2013 జనవరిలో కోర్టు ఆమోదించిన ఒప్పందం ప్రకారం, మెరుగుదల లేదన్న ఒక్క కారణంతో మెడికేర్ థెరపీని కాదనకూడదు. ఉన్న స్థితిని నిలబెట్టడానికి, దిగజారడాన్ని నెమ్మదింపజేయడానికి థెరపిస్టు నైపుణ్యం అవసరమైతే చెల్లించాలి. ప్రైవేటు బీమా సంస్థలు నడిపే మెడికేర్ అడ్వాంటేజ్ పథకాలకూ ఇది వర్తిస్తుంది. చాలా క్లినిక్‌లు ఇప్పటికీ భయపడి ముందే ఆపేస్తాయి. థెరపీ ఖర్చు మీద ఉన్న పాత వార్షిక పరిమితి కూడా 2018లో రద్దయింది. ఏడాదిలో ఫిజికల్, స్పీచ్ థెరపీల ఖర్చు కలిపి ఒక హద్దు (2025లో అది 2,410 డాలర్లు) దాటితే, ఆ సేవ వైద్యపరంగా అవసరమని ధ్రువీకరిస్తూ బిల్లులో కోడ్ పక్కన కేఎక్స్ మాడిఫయర్ అనే గుర్తు జోడించాలి, అంతే. చికిత్స అక్కడితో ఆగిపోనక్కర్లేదు. నాన్నగారు పడిన తేదీలు రాసుకుని వెళ్లి, కొత్తగా మూల్యాంకనం చేయమని అడగండి.

క్లెయిములబల్ల:
నాన్నకూతురు గారూ, మీ ప్రశ్న చదివి నిన్న చాలాసేపు ఆలోచించాను. నిజానికి నైపుణ్యం ఉన్న పనిని కూడా నోట్సు పేలవంగా ఉండి కోల్పోయిన క్లెయిములు నా బల్ల మీద బోలెడు.

కొత్తథెరపిస్టు గారికి నిమిషాల గురించి ఒక మాట. నడక శిక్షణ 20 నిమిషాలు, వ్యాయామం 18 నిమిషాలు చేశారనుకోండి. మెడికేర్ మొత్తం 38 నిమిషాలను కలిపి చూస్తుంది, 38 నుంచి 52 దాకా మూడు యూనిట్లు. మిగిలిన నిమిషాలు నడకలో ఐదు, వ్యాయామంలో మూడు కాబట్టి మూడో యూనిట్ 97116కే వెళ్తుంది. ఏ సేవకు ఆ సేవను విడిగా లెక్కించే ప్రైవేటు బీమా సంస్థ అయితే రెండే యూనిట్లు. క్లినిక్‌లు న్యాయంగా రావలసిన డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. మీ యజమానికి ముందు ఈ లెక్క చూపించండి.

కొత్తథెరపిస్టు:
చూపించాను. గత నెల నోట్సు ఇద్దరం కూర్చుని చదివాం. మూడు సెషన్లలో మూడో యూనిట్ రాయడమే మరిచిపోయాను. నాలుగు సెషన్లలో నేను నిజంగా చేసింది 97530 పనే, దాన్ని అలవాటుగా 97116 అని రాశాను. అంటే ఆయన వాదనలో కొంత నిజం ఉంది, ఒప్పుకున్నాను. మిగతావన్నీ 97116గానే ఉంటాయని ఆయనా ఒప్పుకున్నారు. సహాయకులు నడిపించిన నిమిషాల సంగతి ఎత్తితే మాత్రం మాట దాటవేశారు. ఆ నిమిషాలున్న నోట్సు మీద సంతకం పెట్టనని ఈ రోజు మెయిల్ రాసి పంపాను.