ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) దూరవిద్యలోనో ఆన్‌లైన్‌లోనో చేస్తే పనికొస్తుందా? ఫీల్డ్‌వర్క్ మాటేమిటి?

కృష్ణాతీరం:
ఉద్యోగం చేసుకుంటూ ఎంఎస్‌డబ్ల్యూ చేద్దామనుకునేవాళ్లకి రెండు మాటలు వినబడుతున్నాయి. యూజీసీ గుర్తింపు ఉంటే డిగ్రీ డిగ్రీయేనని ఒకరు, క్యాంపస్‌లో చదవనిది సోషల్ వర్కే కాదని ఒకరు. కారణాలు చెప్పి వాదించండి. "మా మేనత్త కూతురికి ఉద్యోగం వచ్చింది" రకం సాక్ష్యాలు వద్దు.

పాతఫైలు:
చెల్లుబాటు మీద వాదన అనవసరం. యూజీసీ 2020 నిబంధనల ప్రకారం గుర్తింపుతో నడిచే దూరవిద్య, ఆన్‌లైన్ డిగ్రీలు రెగ్యులర్ డిగ్రీతో సమానం. 2022 సెప్టెంబరులో అదే మాట మళ్లీ నోటీసుగా ఇచ్చింది. ఇంజినీరింగ్, మెడిసిన్, నర్సింగ్, లా లాంటివి ఈ పద్ధతిలో కుదరవని ఆ నిబంధనల్లో ఒక పట్టీ ఉంది. అందులో సోషల్ వర్క్ లేదు.

జనం దెబ్బతినేది వేరేచోట. గుర్తింపు యూనివర్సిటీకి ఉంటే చాలదు. ఆ కోర్సుకి, ఆ పద్ధతికి, మీరు చేరే సెషన్‌కి కూడా ఉండాలి. యూజీసీ దూరవిద్యా బ్యూరో వెబ్‌సైట్‌లో మూడూ సరిచూసి, ఆ పేజీని పీడీఎఫ్ తీసి దాచుకోండి, సర్టిఫికెట్ వెరిఫికేషన్ రోజున అక్కరకొస్తుంది. రాష్ట్ర యూనివర్సిటీ దూరవిద్యను తన పరిధి దాటి నడపకూడదు, ఆన్‌లైన్‌కి ఆ హద్దు లేదు. ఫ్రాంచైజీలు ఎక్కడైనా నిషేధమే. కాబట్టి దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ పైన గది తీసుకుని "వేరే రాష్ట్రం యూనివర్సిటీ, పరీక్ష కూడా ఇక్కడే" అనేవాళ్ల సంగతి మీకే అర్థమవ్వాలి. 2024 సెప్టెంబరు నుంచి డెబ్ ఐడీ (ఆ దూరవిద్యా బ్యూరో ఇచ్చే విద్యార్థి నంబరు) తప్పనిసరి. ఏబీసీ ఐడీ (అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఖాతా నంబరు) పెట్టి దాన్ని మీరే తీసుకోవాలి. "ఓటీపీ చెప్పండి, మేం చేసిపెడతాం" అంటే లేచి వచ్చేయండి.

బస్తీబాట:
ఇదంతా కాగితం సంగతి. పని నేర్పేది ఫీల్డ్‌వర్క్. క్యాంపస్‌లో సాధారణంగా వారానికి రెండు రోజులు ఫీల్డ్, మిగతా రోజులు క్లాసు. అలా ఎందుకు పెట్టారు? మంగళవారం తాగుడు మానలేని మనిషితో మాట్లాడుతూ మీరు నాలుగు నిమిషాల్లో సలహాలోకి దిగిపోయారనుకోండి. ప్రాసెస్ రికార్డింగ్ (జరిగిన సంభాషణను మాటకు మాట రాసిన నోట్సు) చూసిన సూపర్‌వైజర్ ఆ వారంలోనే ఆ చోట పెన్ను పెట్టి ఆపుతారు. తర్వాతి విజిట్‌లో దిద్దుకుంటారు. ఆరు నెలల తర్వాత ఎవరో ఫీల్డ్‌వర్క్ జర్నల్ తిరగేసి మార్కులు వేస్తే ఆ తప్పు అలవాటై కూర్చుంటుంది.

దూరవిద్యలో ఎక్కువగా జరిగేదేమిటి? ఏజెన్సీలో, అంటే ఫీల్డ్‌వర్క్ చేసే సంస్థలో, ఎంఎస్‌డబ్ల్యూ చేసినవాళ్లే ఉండరు. మేనేజరు సంతకం పెడతారు. వచ్చిన మనిషిని ఎక్సెల్ ఎంట్రీకి, మీటింగు ఫొటోలకి వాడుకుంటారు, ఆ గంటలూ లెక్కలో పడతాయి. జర్నల్ చివరి వారంలో ఒకే పెన్నుతో నిండుతుంది. ప్రతి రిపోర్టూ "కౌన్సెలింగ్ ఇచ్చాను, క్లయింటు సంతృప్తి చెందారు" అనే ముగుస్తుంది. క్లయింటు కోప్పడింది, రానని చెప్పింది, అబద్ధమాడింది ఒక్కచోటా ఉండదు.

నల్లరేగడి:
బస్తీబాట గారూ, ఒకే పెన్నుతో నిండే జర్నళ్లు క్యాంపస్‌లో లేవంటారా? జబ్బు ఉన్నది పర్యవేక్షణలో. చదివే పద్ధతిని తిట్టి లాభం లేదు.

లెక్కలోకి వద్దాం. ఇగ్నో (ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం) ఎంఎస్‌డబ్ల్యూ కనీసం 2 ఏళ్లు, గరిష్ఠం 4 ఏళ్లు. ఏటా ప్రాక్టికం, అంటే ఫీల్డ్‌వర్క్, 10 క్రెడిట్లు. క్రెడిట్‌కి 30 గంటల చొప్పున ఏడాదికి 300 గంటలు. వారానికి 8 గంటలు పెట్టగలిగితే దాదాపు 38 వారాలు. అంటే చేరిన రెండో నెల దాటకముందే ఫీల్డ్ మొదలవ్వాలి. మెటీరియల్ వచ్చాక చూద్దాం, అసైన్‌మెంట్లు అయ్యాక చూద్దాం అనేవాళ్లే చివర్లో కల్పించి రాస్తారు. అసైన్‌మెంట్లకి ఉండేది 30 శాతం వెయిటేజీ, వాటికోసం ఫీల్డు ఆపుకోవడం అనవసరం. మెటీరియల్ ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటుందని తెలుగు మీడియం వాళ్లు ముందే గుర్తుంచుకోవాలి.

ఉద్యోగస్తుల అసలు చిక్కు ఆదివారం. అంగన్‌వాడీ, పీహెచ్‌సీ అవుట్‌పేషెంట్, సచివాలయం ఏవీ ఆ రోజు పనికిరావు. దొరికేవి వృద్ధాశ్రమాలు, నిరాశ్రయుల నైట్ షెల్టర్లు, డీఅడిక్షన్ సెంటర్లు, సాయంత్రం పూట డ్వాక్రా సంఘాల సమావేశాలు. ఆ ప్రభుత్వ ఆఫీసుల్లో పని చూడ్డానికి ఏడాదికి పది పన్నెండు సెలవులు పక్కన పెట్టుకోవాల్సిందే. కేస్‌వర్క్‌కి (ఒక్కొక్కరితో విడిగా చేసే పనికి) ముగ్గురు చాలు, కానీ ఒక్కొక్కరినీ కనీసం ఐదారుసార్లు కలవాలి. పదిహేను మందిని ఒక్కోసారి పలకరించి వస్తే అది సర్వే అవుతుంది. గ్రూప్‌వర్క్‌కి ఎనిమిది నుంచి పన్నెండు మంది, అదే మనుషులతో ఎనిమిది సమావేశాలు. రికార్డింగ్ ఆ రాత్రే రాయాలి. పేజీని రెండుగా మడిచి ఎడమవైపు ఎవరేమన్నారో, కుడివైపు ఆ క్షణంలో మీకేమనిపించిందో రాయండి. క్లయింటు మాటను తెలుగులోనే, అన్నది అన్నట్టు పెట్టండి. మూడు రోజులాగితే మిగిలేది సారాంశమే, దాన్ని సూపర్‌వైజర్ దిద్దలేరు.

పాతఫైలు:
ఒక హెచ్చరిక. బాలల గృహాల్లో ఫీల్డ్‌వర్క్ చేసేవాళ్లు జర్నల్‌లో పిల్లల పేర్లు, ఫొటోలు అంటిస్తుంటారు. జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ పిల్లల గుర్తింపు బయటపెట్టడాన్ని నిషేధిస్తుంది. పేరు బదులు "క" అని రాసుకోండి. సెల్ఫీ మానేయండి.

బస్తీబాట:
సరే, సూపర్‌వైజర్ దొరికితే దూరవిద్య పనికొస్తుందనే ఒప్పుకుంటాను. కానీ సైకియాట్రిక్ సోషల్ వర్కర్ కావాలనుకునేవాళ్లకి దీన్ని సిఫారసు చేయను. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 నిర్వచనం చూడండి. సోషల్ వర్క్‌లో పీజీ పైన, పర్యవేక్షణలో క్లినికల్ శిక్షణతో కూడిన రెండేళ్ల పూర్తికాలపు ఎంఫిల్ ఉండాలంది. బెంగళూరు మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ లాంటి చోట అలాంటి శిక్షణకి పోటీ పడేటప్పుడు వార్డులో పనిచేసిన అనుభవం అక్కరకొస్తుంది.

నల్లరేగడి:
ఆ చట్టం పూర్తికాలం అన్నది ఎంఫిల్ గురించి. పీజీ ఏ పద్ధతిలో చేయాలో చెప్పలేదు.

పాతఫైలు:
ఇద్దరూ 2025ని మరిచారు. అలైడ్ హెల్త్‌కేర్ (వైద్య అనుబంధ వృత్తుల) చట్టం 2021 కిందికి వచ్చే కోర్సుల్ని 2025 జూలై-ఆగస్టు సెషన్ నుంచి దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో నడపొద్దని యూజీసీ చెప్పింది. సైకాలజీ, మైక్రోబయాలజీ, ఫుడ్ అండ్ న్యూట్రిషన్, బయోటెక్నాలజీ, క్లినికల్ న్యూట్రిషన్ పేర్లు పెట్టి చెప్పింది, సోషల్ వర్క్ పేరెత్తలేదు. కానీ ఆ చట్టం షెడ్యూల్‌లో క్లినికల్, సైకియాట్రిక్, మెడికల్ సోషల్ వర్కర్లు ఉన్నారు. నేను చదివి అర్థం చేసుకున్నంతలో మామూలు ఎంఎస్‌డబ్ల్యూకి ఇబ్బంది కనబడదు. మెడికల్ అండ్ సైకియాట్రిక్ స్పెషలైజేషన్ అని రాసి ఉన్న ఆన్‌లైన్ కోర్సుకి మాత్రం, ఆ సెషన్ అనుమతి కళ్లతో చూడకుండా డబ్బు కట్టొద్దు.

బస్తీబాట:
షెడ్యూల్‌లో ఉన్నాక మామూలు ఎంఎస్‌డబ్ల్యూ ఎన్నాళ్లు తప్పించుకుంటుంది?

పాతఫైలు:
అది జోస్యం. నేను రూలు చెబుతున్నాను.

డల్లాస్‌పిన్ని:
అమెరికాలో ఉన్నవాళ్లకి ఒక ముక్క. ఇక్కడ ఆన్‌లైన్ ఎంఎస్‌డబ్ల్యూకి చిన్నచూపు లేదు, ఎందుకంటే సీఎస్‌డబ్ల్యూఈ (సోషల్ వర్క్ కోర్సులకి గుర్తింపునిచ్చే ఇక్కడి మండలి) అక్రెడిటేషన్ కావాలంటే క్యాంపస్ అయినా ఆన్‌లైన్ అయినా కనీసం 900 గంటల ఫీల్డ్ చేయించాలి. క్లాసు స్క్రీన్ మీద, ఫీల్డు మీ ఊళ్లో. ఎఫ్-1 విద్యార్థి వీసాకి పూర్తి ఆన్‌లైన్ కోర్సు పనికిరాదు. హెచ్-4 (డిపెండెంట్ వీసా) మీద ఉన్నవాళ్లు చదువుకోవచ్చు కానీ ఈఏడీ (పని అనుమతి కార్డు) లేకుండా స్టైపెండ్ ఇచ్చే ప్లేస్‌మెంట్ ఒప్పుకోకూడదు, ముందే ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగండి. ఇండియా ఎంఎస్‌డబ్ల్యూతో వచ్చినవాళ్లు లైసెన్సు దారి పట్టాలంటే ముందు సీఎస్‌డబ్ల్యూఈ దగ్గర డిగ్రీ మూల్యాంకనం చేయించాలి. అక్కడ మీ ఫీల్డ్ గంటలు చూస్తారు. గంటల వివరంతో యూనివర్సిటీ లెటర్‌హెడ్ మీద ఉత్తరం, చదువు పూర్తయిన ఏడాదే తీసిపెట్టుకోండి. పదేళ్ల తర్వాత అడిగితే ఆ సూపర్‌వైజర్ ఎక్కడుంటారో!

కృష్ణాతీరం:
చిన్న పట్టణాల్లో ఎంఎస్‌డబ్ల్యూ చేసిన సూపర్‌వైజర్ దొరక్కపోతే ఏం చేయాలి?

నల్లరేగడి:
ముందు స్టడీ సెంటర్‌లో ఆమోదం పొందిన సూపర్‌వైజర్ల జాబితా అడగండి. ఏజెన్సీ వేరు, సూపర్‌వైజర్ వేరు అయినా ఫరవాలేదేమో కనుక్కోండి. జిల్లా బాలల సంరక్షణ విభాగంలో, ఎయిడ్స్ కౌన్సెలింగ్ కేంద్రాల్లో ఎంఎస్‌డబ్ల్యూ వాళ్లు తగులుతుంటారు. పదిహేను రోజులకొకసారి గంటసేపు కూర్చుంటామని వాళ్ల చేత ఒప్పించుకోండి, తేదీలు ముందే రాసుకోండి.

బస్తీబాట:
పదిహేను రోజులు చాలవు. మొదటి రెండు నెలలు వారానికోసారి ఉండాలి. అంతమాత్రం ఒప్పుకునే మనిషి దొరక్కపోతే ఈ సెషన్‌కి ఫీజు కట్టకుండా తర్వాతి అడ్మిషన్ దాకా ఆగండి, ఈలోగా వెతకండి.