40 నిమిషాల కూచిపూడి సోలో: ఏ అంశాలు పెట్టాలి, ట్రాక్ మీద చేయొచ్చా?

మువ్వలసవ్వడి:
డిసెంబరు సీజన్‌లో చెన్నైలో ఒక సభ (కచేరీలు పెట్టే సంస్థ) వాళ్లు 40 నిమిషాల సోలో ఇచ్చారు. పూర్వరంగం (మొదట చేసే ప్రార్థన భాగం), మండూక శబ్దం, అభినయానికి ఒక క్షేత్రయ్య పదం, చివర్న ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడి చేసే తరంగం అనుకున్నాను. లైవ్ ఆర్కెస్ట్రాకి డబ్బు చాలదు. రికార్డు చేసిన ట్రాక్ అంటే చిన్నచూపు చూస్తారా? స్టేజీ చెక్కదే కానీ పైన వినైల్ మ్యాట్ ఉంటుందట, పళ్లెం కదులుతుందా? ఈ ప్రోగ్రాం తర్వాతి అవకాశాలకు పనికొచ్చేలా ఏం చేయాలి?

తకధిమి:
40 అని చెప్తారు గానీ అనౌన్స్‌మెంటు, శాలువా పోగా చేతికి వచ్చేది 34, 35. నాలుగు అంశాలు పట్టవు. పూర్వరంగం తీసేసి రెండు నిమిషాల శ్లోకంతో మొదలుపెట్టండి. శబ్దం, పదం రెండింట్లో ఒకటే ఉంచండి, నేనైతే పదమే అంటాను. తరంగంలో నృత్తం (భావం లేని అడుగుల పని) ఎలాగూ దండిగా ఉంటుంది, అభినయం చూపించడానికి మీకు మిగిలేది పదమే. దాన్ని తరుముతూ చేస్తే మాత్రం పెట్టకపోవడమే నయం. తరంగం ఆఖరునే ఉండాలి. పళ్లెం దిగాక ఆయాసం మెడ దగ్గరే కనపడిపోతుంది, ఆ ఊపిరితో సంచారి (ఒక్క పాదాన్నే రకరకాల భావాలతో విస్తరించే అభినయం) చేయలేరు.

పదం అర్థం నాలుగు వాక్యాల్లో తమిళంలో, ఇంగ్లిష్‌లో రాయించి అనౌన్సర్‌కి ముందే ఇవ్వండి. మైకు ముందు అప్పటికప్పుడు అల్లితే క్షేత్రయ్య నాయిక కాస్తా ఇంకెవరో అయిపోతుంది.

ఇత్తడిఅంచు:
పళ్లెం సంగతి. బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతుంటేనే పళ్లెం జరుగుతుంది. అందుకని అడుగు చదునుగా ఉండాలి. ఒక్క సొట్ట ఉన్నా జరగాల్సింది ఊగుతుంది. నేల మీద పెట్టి అంచు నాలుగువైపులా బొటనవేలితో నొక్కి చూడండి, టక్కుమంటే ఆ పళ్లెం వద్దు.

కొత్త వినైల్ మీద పళ్లెం పట్టేస్తుంది, వాడి అరిగినదైతే పర్వాలేదు. అసలు ప్రమాదం మ్యాట్ల అతుకుల మీది టేపుతో. టేపు అంచు లేచి ఉంటే పళ్లెం అక్కడ ఠక్కున ఆగుతుంది, ఒళ్లు మాత్రం ముందుకు పోతుంది. సౌండ్ చెక్‌లో అతుకులు ఎటు పోతున్నాయో చూసుకుని, వాటిని దాటకుండా పళ్లెం దారి వేసుకోండి. జారుతుందని పౌడర్ చల్లకండి, మీ తర్వాత వచ్చేవాళ్లు పడతారు. పారాణి పొద్దున్నే పెట్టుకోండి. తడిగా ఉంటే చెమటతో కలిసి వేళ్లకు అంచు మీద పట్టు దొరకదు. వింగ్‌లో (స్టేజీ పక్క తెర వెనక) పొడిగుడ్డ ఉంచుకోండి.

శ్రుతిపెట్టె:
ట్రాక్‌ని తప్పుపట్టే సభలు ఉన్నాయి, పట్టించుకోనివీ ఉన్నాయి. ముందే అడగడం మేలు. నా లెక్కలో తేడా వేరే చోట ఉంది. పళ్లెం ఒక్క క్షణం తట్టుకుంటే నట్టువాంగం వేసేవారు (తాళాలు వాయిస్తూ నృత్యాన్ని నడిపించేవారు) జతిని, అంటే అడుగులకు పలికే సొల్లుల వరసను, ఇంకోసారి తిప్పుతారు. ట్రాక్ ఆగదు. అందుకని తరంగం ట్రాక్‌లో పళ్లెం ఎక్కడానికి రెండు ఆవర్తనాలు (తాళం పూర్తి చుట్లు) ఖాళీగా వదిలి రికార్డు చేయించండి. మధ్యేమార్గం కావాలంటే నట్టువాంగం, గాత్రం, మృదంగం ముగ్గురితో సరిపెట్టి వయొలిన్, వేణువు వదిలేయొచ్చు. చెన్నైలోనే ఉండి కూచిపూడికి వాయించే మృదంగం వారిని చూసుకుంటే ప్రయాణ ఖర్చు తగ్గుతుంది. మీకు కప్పే శాలువాతో వాళ్ల రైలు టికెట్ రాదు కదా!

ట్రాక్ అయితే అంశానికో ఫైల్, పెన్‌డ్రైవ్‌లో ఒకటి, ఫోన్‌లో ఒకటి. ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో ఉండాలి. వింగ్ వైపు మానిటర్ స్పీకర్ తప్పనిసరిగా అడగండి. అది లేకపోతే హాల్లోంచి తిరిగొచ్చే ధ్వని విని అడుగు వేస్తారు, తాళం వెనకబడుతుంది.

తకధిమి:
తర్వాతి అవకాశాల గురించి: ఒక కెమెరా స్టాండ్ మీద, ఎదురుగా, పాదాలు కనపడేలా పెట్టి పదం మొత్తం కోత లేకుండా తీయించండి. ముక్కలు అతికించిన ప్రోమో చూసి ప్రోగ్రాం ఇచ్చేవాళ్లు తక్కువ, అందులో తాళం నిలకడ తెలియదు. ఆహ్వానపత్రం, కరపత్రం స్కాన్ చేసి దాచుకోండి, ఐసీసీఆర్ (భారత సాంస్కృతిక సంబంధాల మండలి) ఎంప్యానెల్‌మెంట్, అంటే కళాకారుల జాబితాలో చేరడం, లాంటి దరఖాస్తులకు పనికొస్తాయి. వయసు 18 నుంచి 25 మధ్య అయితే కేంద్ర సంస్కృతి శాఖ యువ కళాకారుల స్కాలర్‌షిప్ కూడా చూడండి, నెలకు 5,000 చొప్పున రెండేళ్లు ఇస్తారు.

మువ్వలసవ్వడి:
శబ్దం తీసేస్తున్నాను. మ్యాట్ పాతదా కొత్తదా అని సభ వాళ్లను అడిగాను, ఫొటో పంపుతామన్నారు.

ఇత్తడిఅంచు:
అతుకులు కనపడేలా పంపమనండి.