యార్డ్ సైన్, పండగ లైట్లు: సిటీ రూలా, హెచ్‌ఓఏ రూలా?

ప్రశ్న: టెక్సస్‌లో సొంతిల్లు, హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) ఉంది. లాన్‌లో ఎన్నికల సైన్ (ప్రచార బోర్డు) పెట్టాలి. దీపావళి లైట్లు క్రిస్మస్ దాకా ఉంచాలి. ఎవరి రూల్ చూడాలి?

జవాబు 1: రెండూ చూడాలండి. ఇళ్ల ముందు సైన్లను సిటీ పూర్తిగా నిషేధించడానికి వీల్లేదని 1994లో లాడ్యూ (మిస్సోరీలో ఓ సిటీ) కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. సైజు, ఎత్తు, చోటు మీద హద్దులు పెట్టొచ్చు. హెచ్‌ఓఏ ప్రైవేటు సంస్థ కనుక మామూలుగా ఆ తీర్పు దానికి వర్తించదు. అక్కడ రాష్ట్ర చట్టమే దిక్కు. టెక్సస్ ఎలక్షన్ కోడ్ 259.002 ప్రకారం ఎన్నికకు 90 రోజుల ముందు నుంచి, అయ్యాక పదో రోజు దాకా సైన్‌ని హెచ్‌ఓఏ ఆపడానికి వీల్లేదు. కానీ అభ్యర్థికి ఒక్కటే, నేలలో పాతిందే, 4×6 అడుగులు మించొద్దు అనొచ్చు.

జవాబు 2: సైన్లు ఎక్కువగా మాయమయ్యేది సైడ్‌వాక్‌కీ రోడ్డుకీ మధ్య గడ్డిలోంచే. గడ్డి కోసేది మీరే అయినా సాధారణంగా అది రైట్ ఆఫ్ వే (రోడ్డు కోసం కేటాయించిన స్థలం), సిటీవాళ్లు పీకేస్తారు. ప్లాట్ సర్వే (స్థలం హద్దుల మ్యాప్) తీసి, హద్దు లోపల పాతండి. కార్నర్ ఇల్లయితే మలుపులో డ్రైవర్ చూపుకి అడ్డొచ్చే మూల వదిలేయండి. లోతుగా తవ్వేటట్టయితే ముందే 811కి (నేలలోని పైపులు, కేబుళ్లు ఎక్కడున్నాయో గుర్తుపెట్టించే ఫోన్ నంబరు) చెప్పండి.

జవాబు 3: లైట్ల గడువు సిటీ కోడ్‌లో అరుదు, సీసీఆర్‌లలోనే (హెచ్‌ఓఏ ఇళ్లకు వర్తించే రాతపూర్వక నిబంధనలు) ఉంటుంది. అందులో క్రిస్మస్ తేదీలే రాసుంటే, దీపావళి తేదీలు చెప్పి ముందే ఈమెయిల్‌లో అనుమతి అడగండి. నోటిమాట పనికిరాదు. మతపరమైన అలంకరణకి టెక్సస్ ప్రాపర్టీ కోడ్ 202.018 రక్షణ ఉంది, కామన్ ఏరియాలో మాత్రం కాదు.