పడుకోబెట్టి మత్తిచ్చినాక గుర్రానికి కీల్లోకి మళ్లా తిమ్మిరి సూది దేనికి?

అనంత_రౌతు:
మా గుర్రానికి కుడి ముందుకాలి ఫెట్‌లాక్‌లో, అంటే గిట్టకు పైనుండే కీల్లో, ఎముక పలుకు ఊడింది. ఎక్స్‌రేలో బాగా తెలుస్తాంది. బెంగళూరులో చిన్న రంధ్రాలు పెట్టి, కెమెరాతో చూస్తా తీస్తామన్నారు. పూర్తి మత్తిచ్చి పడుకోబెడతారంట, ఆపైన కీల్లోకి తిమ్మిరి మందు గూడా ఎక్కిస్తారంట. తెలివి లేకుండా పడుకున్నదానికి తిమ్మిరెందుకు? ఆ మందు కీలును తినేస్తుందని ఒకాయన భయపెట్టినాడు. ఖర్చెంతవుతుంది, లారీలో ఎట్ల తోలాల, మేత ఎప్పుడు ఆపాల, తెలిసినోళ్లు చెప్పండప్పా.

కడప_జట్కా:
మా నాయన కడప స్టేషన్ కాడ జట్కా తోలినోడు. కీలు వాస్తే ఇనుము కాల్చి వాత పెట్టేవాళ్లు. కొన్నాళ్లు కొట్టంలో కట్టేస్తే లేచి మళ్లా బండికి వచ్చేది. ఈ పొద్దు ప్రతిదానికీ కోయడమే. గుర్రాన్ని బెంగళూరు దాకా తోలి అంత డబ్బు పోసే ముందు ఊర్లో పెద్దోళ్లను అడగండి.

ప్రొద్దుటూరు_వెట్:
జట్కా అన్నా, ఆ గుర్రాన్ని లేపింది వాత కాదు, కొట్టంలో దొరికిన విశ్రాంతి. ఊడిన పలుకు కీల్లో తిరుగుతుంటే వాత దాన్ని కరిగించదు. దయచేసి ఎవరూ కాల్చొద్దు.

రౌతు గారూ, గుర్రానికి తెలివి లేకపోయినా కీల్లో పని చేస్తుంటే నొప్పి సంకేతం మెదడుకు పోతూనే ఉంటుంది. గుర్రం కదులుతుంది, బీపీ పెరుగుతుంది. అప్పుడు మత్తు డాక్టరు ఐసోఫ్లూరేన్ అనే మత్తు గ్యాస్ పెంచాల్సి వస్తుంది. గ్యాస్ పెరిగితే బీపీ పడిపోతుంది. 450 కిలోల జంతువు ఒక పక్కకు పడుకుని ఉన్నప్పుడు సగటు బీపీ 70 కన్నా తగ్గితే, కింద నలిగే కండరాలకు రక్తం అందదు. ఆపరేషన్ బాగా జరిగినా గుర్రం లేవలేదు. కీల్లో ముందే తిమ్మిరి ఉంటే గ్యాస్ తక్కువతో సరిపోతుంది. ఆ సూది దీనికోసం.

ఆదోని_పెళ్లిగుర్రాలు:
సూది మహిమ నాకు తెలుసు. పోయిన పెళ్లిళ్ల సీజన్లో మా తెల్లగుర్రం కుంటింది. లిగ్నోకేన్ 2 శాతం తిమ్మిరి మందు వేయిస్తే పెళ్లికొడుకును ఎక్కించుకుని బ్యాండు ముందర ఊరేగింపంతా నడిచింది. ఒక్క అడుగు కుంటలే. దీనికి బెంగళూరు ఎందుకు?

గుత్తి_సయీసు:
అన్నా, ఇది గొప్పగా చెప్పుకునే పనేనా? నేను రేసు లాయాల్లో పని చేసినోణ్ని. కుంటే గుర్రానికి నొప్పి చంపి పరిగెత్తిస్తే అక్కడ లైసెన్సు పోతుంది. నొప్పి ఉంటే అది కాలు మోపకుండా కాపాడుకుంటుంది. నొప్పి తీసేసినావంటే చిన్న బీటున్న ఎముక మీద బరువంతా వేస్తుంది, నడిరోడ్డు మీద కాలు విరుగుతుంది. పైన పెళ్లికొడుకు, చుట్టూ పిల్లోళ్లు!

ఆదోని_పెళ్లిగుర్రాలు:
నీకు నెలజీతం వస్తాది, మాట్లాడతావు. అడ్వాన్సు తీసుకున్నాక ముహూర్తానికి గుర్రం రాలేదంటే పెళ్లోళ్లు ఊరుకుంటారా? ఉలవలు, గడ్డి రేట్లు ఎట్లుండాయో చూస్తాండావా? డాక్టర్లే కుంటును కనుక్కోవడానికి అదే సూది వేస్తారు గదా! వాళ్లేస్తే వైద్యం, మేమేస్తే పాపమా?

గుత్తి_సయీసు:
వాళ్లు గిట్ట కాడ మొదలుపెట్టి ఒక్కో మెట్టు పైకి పోతారు. ఒకచోట వేసి అయిదు పది నిమిషాలాగి కాసేపు దుడికి నడిపిస్తారు. కుంటు ఎక్కడ పోయిందో చూసి లాయంలో కట్టేస్తారు. తెల్లార్లూ తారురోడ్డు మీద మనిషిని మోయించరు. జీతం సంగతి ఎత్తినావు కాబట్టి చెప్తాండా, జీతం లేని నెలల్లో గూడా నా చేతికింది గుర్రాన్ని నేను కుంటుతో తోలలేదు.

కందనవోలు_కంపౌండర్:
ఇద్దరూ ఆపండి. కర్నూలు చుట్టుపక్కల నేను సూది పెట్టని గుర్రపు కీలు లేదు. లిగ్నోకేన్ గంటా రెండు గంటలే. బుపివకేన్ అయితే నాలుగైదు గంటలు పట్టి ఉంటుంది. ఆపరేషన్‌కు అదే రాజు. ఇంకా నిలవాలంటే అడ్రినలిన్ కలిపింది వాడాల.

ప్రొద్దుటూరు_వెట్:
రెండూ ఒప్పుకోను. అడ్రినలిన్ రక్తనాళాలను ముడుస్తుంది. కాలి కింది భాగంలో వేస్తే చర్మం చచ్చిపోవచ్చు, అక్కడ తెల్లవెంట్రుకలు మొలుస్తాయి. బుపివకేన్ ఇంకా పెద్ద సంగతి. గుర్రపు కార్టిలేజ్ (కీల్లో ఎముకల చివర ఉండే నున్నటి పొర) కణాల మీద ల్యాబ్‌లో పరీక్షిస్తే ఎక్కువ కణాలను చంపింది అదే. లిగ్నోకేన్ దాని తర్వాత. మెపివకేన్ అన్నిటికన్నా మెల్లనిది. మనుషుల్లో ఆపరేషన్ తర్వాత పంపుతో రోజుల తరబడి ఈ మందులు కీల్లోకి ఎక్కిస్తే కార్టిలేజ్ కరిగిపోయిందని 2009లో అమెరికాలో మందులను చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది.

కందనవోలు_కంపౌండర్:
పుస్తకం చదివి చెప్తాండావు. గిన్నెలో పెట్టిన కణం వేరు, బతికున్న కీలు వేరు. పంపుతో ఎక్కించడం వేరు, ఒక్కసారి సూది వేరు. నీ మెపివకేన్ మన మందుల షాపుల్లో చూపించు, అప్పుడు మాట్లాడదాం.

ప్రొద్దుటూరు_వెట్:
ఒక్కసారికీ పంపుకూ తేడా ఉంది, నిజమే. కెమెరా పెట్టేటప్పుడు కీలును సెలైన్‌తో ధారగా కడుగుతారు కాబట్టి మందు చాలావరకు కొట్టుకుపోతుంది. రౌతు గారు భయపడినంత లేదు. కానీ మెల్లని మందు తెప్పించుకోగల ఆస్పత్రికి పోతూ కరుకు మందెందుకు? మోతాదు భయం గూడా వద్దు. ఫెట్‌లాక్‌కు 10 మిల్లీలీటర్లు పడుతుంది. 2 శాతం మందులో అది 200 మిల్లీగ్రాములే, అంత పెద్ద గుర్రానికి ఒంట్లో విషమయ్యే మోతాదుకు చాలా దూరం. నేనైతే సూది పెట్టే చోట వెంట్రుకలు తీసి ఎంత శ్రద్ధగా కడుగుతారో అడుగుతా. కీల్లో చీము పట్టిందంటే మందు గొడవంతా దాని ముందు చిన్నది.

కడప_జట్కా:
చీము అంటే గుర్తొచ్చింది, మా పక్కింటోళ్ల పిల్లగుర్రానికి పుట్టిన కొన్నాళ్లకే మోకాలు వాచింది. బొడ్డు నుంచి పాకిందన్నారు. దక్కలేదు పాపం. బొడ్డుకు అయోడిన్ పూయండి నాయనా, ఈనిన రోజే.

అనంత_రౌతు:
వెట్ సార్, నా దిగులు ఇంకోటి. లేచేటప్పుడు కాలు తిమ్మిరిగా ఉంటే తూలి పడదా? అప్పుడే కాళ్లు విరుగుతాయంటారు.

ప్రొద్దుటూరు_వెట్:
మంచి ప్రశ్న. ముందుకాలి మోకాలి కింద గుర్రానికి కదిలించే కండలు లేవు, తాళ్లలాంటి స్నాయువులే. కండలన్నీ పైన. కాబట్టి ఫెట్‌లాక్‌లోపల తిమ్మిరి ఉన్నా కాలు చచ్చుబడదు. తోక మొదట్లో వెన్నులోకి ఇచ్చే మత్తు వేరు, మోతాదు ఎక్కువైతే వెనక కాళ్లు నిలవవు. అయినా పూర్తి మత్తులో గుర్రానికి ప్రమాదం మనుషులకన్నా ఎక్కువే. కడుపునొప్పి కేసులు కాకుండా నూటికి దాదాపు ఒకటి పోతుందని 2002లో అచ్చయిన పెద్ద లెక్క. లేపే గది ఎట్లుందో చూడకుండా సంతకం పెట్టొద్దు.

ఆదోని_పెళ్లిగుర్రాలు:
నూటికి ఒకటి పోయేదానికి మీరంతా ఒప్పుకుంటారు, నా సూది మీదే పడతారు.

గుత్తి_సయీసు:
నీతో మల్ల మాట్లాడతా. రౌతన్నా, లేపే గదికి గోడలంతా మెత్త ఉండాల, తలకూ తోకకూ తాళ్లు కట్టి లేపేటట్టు కొక్కేలుండాల. నాడాలు ముందే ఊడదీయించు. మేత ఎప్పుడు ఆపాలో ఆస్పత్రోళ్లనే అడుగు, ఒక్కొక్కరు ఒక్కోలా చెప్తారు. లారీలో తల ఎత్తి బిగించి కట్టొద్దు. దోవలో ఆగినప్పుడల్లా తల కిందికి దించుకుని చీదుకోనీ, లేకుంటే దుమ్మంతా ఊపిరితిత్తుల్లోకి పోయి జ్వరమొస్తుంది, జ్వరమొస్తే ఆపరేషన్ వాయిదా వేస్తారు. కుంటేది ముందుకాలు కాబట్టి తోక డ్రైవర్ వైపుకు పెట్టి నిలబెట్టు, సడన్ బ్రేకు వేస్తే బరువు వెనకకాళ్ల మీద పడుతుంది. ఖర్చు సంగతి నాకు మెసేజ్ పెట్టు.