ఈ వారం సమస్య: కాలు కోసి కుట్ట గంతులిడెను

నిర్వాహకుడు: ఆటవెలది పద్యం నాలుగో పాదం ఇచ్చాను, అర్థం కుదిరేలా ముందు మూడు పాదాలు మీరు రాయాలి. యతి (పాదం మొదటి అక్షరంతో మధ్యలో కలవాల్సిన అక్షరం) కా-గం, సరిచూసుకునే ఇచ్చాను కాబట్టి దాని జోలికి రావద్దు. రక్తం కారకుండా పూరించాలి. ఆర్థోపెడిక్ డాక్టర్ని తెచ్చేవారికి మార్కుల్లేవు. కిందటిసారి ఆయనతోనే విసిగిపోయాం. సూచన: ఇంట్లో కుట్టుమిషన్ ఉన్నవాళ్లకి తేలిక.

అంబాజీపేట:
పొడుగు జీన్సు దెచ్చి పుత్రుడు వగవంగ
తల్లి కొలత తీసి దారమెత్తి
యంగుళములు రెండు హాయిగా తగ్గించి
కాలు కోసి కుట్ట గంతులిడెను

నిర్వాహకుడు: గణాలు (గురులఘువుల లెక్క), యతులు శుభ్రంగా ఉన్నాయి. అన్వయమే తేడా. తీసింది, ఎత్తింది, తగ్గించింది తల్లి. మరి గంతులేసింది? చదివితే ఆవిడే వేసినట్టుంది. పైగా సూదికి దారం ఎక్కిస్తాం గానీ ఎత్తం.

అంబాజీపేట: రెండూ, మూడూ మార్చాను గురువుగారూ.
తల్లి కొలత తీసి దర్జి యయ్యె
అతడు మురిసిపోయె నంగుళములు తగ్గ

నిర్వాహకుడు: ఇప్పుడు కుదిరింది. "దర్జి యయ్యె" బావుంది.

కుట్టు_కబుర్లు:
ఉతుకకుండ కోయ నూరికే పొట్టాయె
అన్న జీన్సు, చూసి యనుజు డపుడు
నీట నానబెట్టి నెమ్మదిగా నమ్మ
కాలు కోసి కుట్ట గంతులిడెను

మానేరు: అయ్యో, నెమ్మదిగా అమ్మ కాలే కోసిండా?

కుట్టు_కబుర్లు: అమ్మ కుట్టగా తమ్ముడు గంతులేశాడని అన్వయించుకోండి సార్! ఉతకడం మాత్రం యతి కోసం పెట్టింది కాదు. శాన్ఫరైజ్ చెయ్యని, అంటే మిల్లులో ముందే కుదించని డెనిమ్ (జీన్సు గుడ్డ) మొదటి ఉతుకులోనే 10 శాతం దాకా కుదించుకుపోగలదు. 30 అంగుళాల కాలుకి అది 3 అంగుళాలు. కొత్త జీన్సు ఉతికి, ఆరేసి, రోజూ వేసుకునే బూట్లతో నిలబడ్డాకే గుండుసూది పెట్టాలి.

నిర్వాహకుడు: విషయానికి పూర్తి మార్కులు. అమ్మ కాలుకి ఒక మార్కు కోత.

మానేరు:
సైడు కుట్టు కాడ సూదులే విరుగగా
సుత్తితోడ దాని సొట్ట జేసి
లావు సూది వేసి లక్షణంబుగ జీన్సు
కాలు కోసి కుట్ట గంతులిడెను

నిర్వాహకుడు: మొదటి పాదంలో యతి తప్పింది. "సై"లో ఉన్నది ఐ, దానికి అ, ఆ, ఐ, ఔ మాత్రమే కలుస్తాయి, "సూ" కలవదు. "సన్నసూదులు విర్గ" అంటే సరిపోతుంది.

మానేరు: "విర్గ" మా దిక్కు మాటే, మంచిగున్నది. సుత్తి సంగతి నవ్వులాట కాదు. పక్క కుట్టు దగ్గర బట్ట పొరల మీద పొరలై గట్టిపడ్తది. పాత గుడ్డ కప్పి నాలుగు దెబ్బలేస్తే అణుగుతది. 16 నంబరు జీన్స్ సూది, కుట్టు పొడవు 3 మిల్లీమీటర్ల పైన. ఆ గుట్ట ఎక్కేటప్పుడు మోటారు వద్దు, చక్రం చేత్తో తిప్పాలె.

ఏటికొప్పాక:
అంచు పోకయుండ నడుగగా మనుమడు
చీరలంచు కుట్టు చేయితోడ
సగము మడిచి పట్టి చక్కగా మామ్మ నూ
కాలు కోసి కుట్ట గంతులిడెను

అంబాజీపేట: నూకాలు! కాలే లేకుండా చేశారు కదండీ!

ఏటికొప్పాక: అనకాపల్లి నూకాలమ్మ దయ. మా వైపు వీధికో నూకరాజు, ఇంటికో నూకాలు.

నిర్వాహకుడు: పాదం చివర పదం విరిచి ఇచ్చిన అర్థాన్నే తిప్పేశారు. ఈ వారం మొదటి స్థానం ఇదే. ఒక్క అనుమానం: అంచు పోకూడదన్నాక మళ్లీ కోయడం ఎందుకు?

ఏటికొప్పాక: కంపెనీ అంచు మీద తాడు పేనినట్టు ఏటవాలుగా తెలుపు, నీలం చారలు పడతాయి చూడండి, పిల్లల మోజంతా దాని మీదే. అందుకే అంచు వదిలేసి పైబట్ట మడుస్తాం. 2 అంగుళాలు తగ్గాలంటే అంచు కుట్టు దగ్గర్నుంచి 1 అంగుళమే కొలవాలి, మడతకి రెండు పొరలు కదా. పద్యంలో "సగము" అదే. అంచుని ఆనుకుని నీలం దారంతో కుట్టి, లోపల మిగిలిన బట్టని కోసేసి, పోగులు లేవకుండా జిగ్‌జాగ్ (వంకర) కుట్టు వేస్తాం. మామ్మ కోసింది ఆ మిగులునే. తర్వాత గట్టిగా ఇస్త్రీ.

కుట్టు_కబుర్లు: ఎదిగే పిల్లలకైతే కోయకండి. లోపలికి మడిచి చేత్తో టాకాలు వేస్తే వచ్చే ఏడాది విప్పుకోవచ్చు. పాత మడత గీత మాత్రం తెల్లగా కనిపిస్తుంది.

నిర్వాహకుడు: ఆ మాటే వచ్చే వారం సమస్య ఇచ్చింది, ఇదీ ఆటవెలదే: "మడత విప్ప జీన్సు మఱియు తగ్గె".

మానేరు: ఉతికినంక విప్పిన్రా సార్?

నిర్వాహకుడు: పద్యంలో అడగండి.