పంపు పని తరువాత స్టార్టు కాని డీజిల్ ఇంజన్: ముందు ఎయిరా, టైమింగా?

నాలుగో గేరు:
నాలుగు సిలిండర్ల పాత డీజిల్ ఇంజన్, దానికి డీజిల్ కొట్టే రోటరీ పంపు. షాఫ్టు సీలు దగ్గర డీజిల్ కారుతుంటే పంపు విప్పించి, సీళ్లు మార్పించి, బెంచి మీద పరీక్ష చేయించి మళ్లీ బిగించాము. సెల్ఫ్ కొడితే ఇంజన్ చక్కగా తిరుగుతోంది కానీ అందుకోవడం లేదు. సైలెన్సరు నుంచి పొగ ఆనవాలైనా లేదు. ఫిల్టరు దగ్గర ఎయిర్ (డీజిల్ పైపులో చేరిన గాలి) తీశాము. బిగించిన మెకానిక్ పంపులో లోపమంటున్నారు, పంపు బాగుచేసినవారు బిగింపులో లోపమంటున్నారు. ముందుగా ఏమి చూడాలి?

పాత పానా:
పొగ లేదన్న మాటలోనే సగం జవాబు ఉంది. టైమింగ్ (డీజిల్ పడవలసిన సమయం) తప్పినా డీజిల్ సిలిండర్లలోకి వెళుతూనే ఉంటుంది కనుక, సరిగా కాలకపోయినా పచ్చి డీజిల్ వాసనతో తెల్లని పొగగా బయటికి వస్తుంది. అసలేమీ రావడం లేదంటే, సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిళ్ల దాకా డీజిల్ చేరడం లేదనే అనుకోవాలి. ఫిల్టరు దగ్గర ఎయిర్ తీసినంత మాత్రాన పంపు నుంచి నాజిళ్లకు వెళ్లే పైపుల్లోని గాలి పోదు. నాజిళ్ల వైపు నట్లను ఒక్కొక్క చుట్టు వదులు చేసి, యాక్సిలరేటరు పూర్తిగా తొక్కి ఉంచి సెల్ఫ్ కొట్టండి. బుడగలు లేకుండా డీజిల్ చిమ్మిన చోటల్లా బిగించుకుంటూ పోవాలి. సెల్ఫును ఒక్క ఊపున 10-15 సెకన్లకు మించి తిప్పకుండా, మధ్యలో చల్లారనివ్వండి.

టైమింగ్ గుర్తు:
ఎయిర్, ఎయిర్ అంటూనే నా చేత సెల్ఫ్ కాలిపోయేదాకా కొట్టించారు. తీరా చూస్తే పంపు టైమింగే తప్పింది. క్రాంకు రెండు చుట్లు తిరిగితే పంపు ఒక్క చుట్టు తిరుగుతుంది. కాబట్టి క్రాంకు చివరి చక్రం (ఫ్లైవీలు) మీది గుర్తు ఒక్కటే చూసి బిగిస్తే, కంప్రెషన్ చివర పడవలసిన డీజిల్ ఎగ్జాస్టు చివర పడవచ్చు. మొదటి సిలిండరు వాల్వులు రెండూ మూసుకొని ఉన్నప్పుడే ఆ గుర్తుకు విలువ. ఇది చూడకుండా నట్లు విప్పించడం బ్యాటరీకి శిక్ష.

రిటర్న్ పైపు:
పంపులో డీజిల్ దారిని తెరిచి మూసే స్టాప్ సొలినాయిడ్‌కు వైరు తగిలించారా? తాళం తిప్పగానే పంపు దగ్గర టక్కుమని వినిపించాలి.

పాత పానా:
టైమింగ్ గుర్తు గారూ, ఆ రోజు మీ ఇంజన్‌కు పొగ వచ్చిందా, రాలేదా? ఆ ఒక్క మాట చెప్పండి.

టైమింగ్ గుర్తు:
రాత్రిపూట పొగ ఎవరు చూశారు? నట్లు విప్పమని మీరు అంత తేలికగా రాశారు. కామన్ రైల్ ఇంజన్ (నాజిళ్లన్నిటికీ ఒకే పైపు నుంచి ఎక్కువ ఒత్తిడితో డీజిల్ అందేది) ఉన్నవారు ఇది చదివి పాటిస్తే ఏమవుతుంది? అందులో ఒత్తిడి 1000 బార్లు దాటుతుంది, ఆ ధార చర్మాన్ని చీల్చుకొని లోపలికి పోతుంది.

పాత పానా:
రోటరీ పంపు అని అడిగినవారు మొదటి వాక్యంలోనే రాశారు. లేని ఇంజన్ మీద వాదన ఎందుకు?

నాలుగో గేరు:
సొలినాయిడ్ శబ్దం వినిపిస్తోంది. నట్లు వదులు చేసి సెల్ఫ్ కొట్టినా నాలుగింటి దగ్గరా తడి లేదు. ఫిల్టరు నుంచి పంపుకు వచ్చే పైపు విప్పి చేతి పంపు కొడితే మాత్రం డీజిల్ ధారగా వస్తోంది.

పాత పానా:
అయితే పంపు మీది బాంజో బోల్టులు (పైపులను పంపుకు కలిపే బోలు బోల్టులు) రెండూ విప్పి చూడండి. రిటర్న్ వైపు, అంటే మిగిలిన డీజిల్ తిరిగి వెళ్లే వైపు, బోల్టుకు సన్నని రంధ్రం ఉంటుంది. చాలా పంపుల్లో దాని తల మీద ‘అవుట్’ అని రాసి ఉంటుంది. అది లోపలికి వచ్చే వైపు పడితే పంపుకు చాలినంత డీజిల్ అందదు, లోపలి ఒత్తిడీ నిలవదు. బిగించేవారు తరచుగా చేసే పొరపాటు ఇది.

టైమింగ్ గుర్తు:
మళ్లీ బిగించేవారేనా! బోల్టులను కవరులో వేసి, పంపును చేతిలో పెట్టి, బెంచి మీద బాగానే తిరిగిందని చెప్పి పంపించేవారికి ఏ బాధ్యతా లేదా? నాకూ అదే చెప్పారు. కాలిపోయిన సెల్ఫ్ ఖర్చు నా ఒక్కడి మీదే పడింది.

పాత పానా:
ఇప్పుడు అసలు మాటకు వచ్చారు. నేను చేసేది బెంచి పనే. ఏ వేగంలో ఎంత డీజిల్ కొడుతోందో అక్కడ కొలవగలను. మీ ఇంజన్‌లో గేరు ఏ పంటి మీద కూర్చుందో నాకు కనిపించదు. విప్పేముందు పంపు ఫ్లాంజికీ (ఇంజన్‌కు బిగించే అంచుకూ) ఇంజన్‌కూ కలిపి ఒక గీత గీయడం చేతకానివారు బెంచిని తప్పుపట్టడం న్యాయం కాదు.

టైమింగ్ గుర్తు:
ఆ గీత పంపు బాడీ చోటు చెబుతుంది, షాఫ్టు చోటు చెప్పదు. షాఫ్టును బెంచి మీద తిప్పింది మీరే కదా! ఇంజన్ అందుకొనే దాకా పక్కన నిలబడనివారు పని పూర్తయిందని డబ్బు ఎలా తీసుకుంటారు?

పాత పానా:
షాఫ్టుకు కీ (గేరు జారకుండా పట్టి ఉంచే చిన్న ముక్క) ఉంది, గేరు ఆ కీ మీదే కూర్చుంటుంది. ఆ గేరును సరైన పంటికి కలపడానికి బిగించేవారు విడిగా కూలి తీసుకుంటున్నారు.

పిస్టన్ రింగు:
మీరిద్దరూ కాసేపు ఆగితే ఆయన ఇంజన్ సంగతి తెలుస్తుంది.

నాలుగో గేరు:
సన్న రంధ్రం బోల్టు లోపలికి వచ్చే వైపే ఉంది. మార్చాక మూడు నట్ల దగ్గర డీజిల్ చిమ్మింది, నాలుగోదాని దగ్గర ఇంకా బుడగలే. ఇంజన్ అందుకోబోయి ఆగింది. తెల్లని పొగ వచ్చింది.

టైమింగ్ గుర్తు:
తెల్లని పొగట, పాత పానా గారూ! డయల్ గేజి (సన్నని కదలికను కొలిచే పరికరం) పెట్టి టైమింగ్ చూడనిదే ఆ ఇంజన్ మీద లోడు వేయకండి.

పాత పానా:
పైపులో గాలి ఉండగా వచ్చిన పొగను టైమింగ్ ఖాతాలో రాయరు. ముందు ఆ నాలుగో నట్టు సంగతి చూడనివ్వండి.